పాత కుట్టుమిషను తోలు కుడుతుందా?

ఈ ప్రత్యేక సంచికకు మన ప్రాంతపు చేతిపనుల చరిత్ర గురించి ఏదైనా వ్రాయవలసిందిగా కార్యదర్శిగారు కోరినారు. పరిశ్రమల విస్తరణాధికారిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి కనుక, ఈ మధ్య పలువురు నన్ను అడుగుతున్న ఒక ప్రశ్ననే ఎన్నుకున్నాను. ఇంట్లో ఉన్న పాత సింగర్ మిషనుతో తోలు కుట్టవచ్చునా అన్నదే ఆ ప్రశ్న. దీనికి జవాబు మిషను వయసులోనో, బరువులోనో లేదు. అది ఏ పని కోసం పుట్టిందో ఆ చరిత్రలో ఉన్నది.

మన బాన్సువాడ ప్రాంతంలో తోలుపని మిషను కంటె ఎంతో పాతది. బావుల మీద మోట కొట్టిన రోజుల్లో మోట తొండం తోలుదే. లందలో తంగేడు చెక్క నీళ్ళలో తోలును ఊరవేసి, పదును చేసి, ఆరెతో రంధ్రం పొడిచి చేతితో కుట్టేవారు. 1923లో మొదలైన నిజాంసాగర్ నిర్మాణం 1931లో పూర్తయి, మంజీర నీరు కాలువల గుండా పారిన పొలాలకు మోట అవసరం తీరిపోయింది. చెప్పులు, పట్టీలు, సంచుల పని మాత్రం మిగిలింది. చేతికుట్టులో ఒకే దారపు రెండు కొసలు ఎదురెదురుగా ప్రతి రంధ్రంలోను దూరుతాయి. ఒక చోట తెగినా రెండవ వరుస పట్టుకొని ఉంటుంది. మిషను కుట్టులో పైదారం, బాబిన్ దారం మధ్యలో మెలిపడతాయి. అందువల్ల తోలుకు మిషను వాడేటప్పుడు కుట్టు సరిగా బిగియడం మరీ ముఖ్యం.

ఇక మిషను సంగతి. అమెరికాలో ఎలియాస్ హోవ్ 1846లోను, ఐజాక్ సింగర్ 1851లోను పేటెంట్లు పొందినారు. 1856 నుండి సింగర్ కంపెనీ వాయిదాల పద్ధతిలో అమ్మడంతో మిషను సామాన్యుల ఇండ్లకు చేరింది. చెప్పు అట్టను కుట్టడానికి ఈ మిషను చాలలేదు. అందుకు లైమన్ బ్లేక్ అనే ఆయన 1858లో వేరే మిషనుకు పేటెంటు తీసుకున్నాడు. అంటే మొదటి పదేళ్ళు, పన్నెండేళ్ళలోనే గుడ్డ దారి, తోలు దారి వేరైపోయినవి. గాంధీజీ 1924లో యంత్రాల గురించి మాట్లాడుతూ సింగర్ కుట్టుమిషనుకు మినహాయింపు ఇచ్చినారు. అదే గాంధీజీ దక్షిణాఫ్రికాలో జనరల్ స్మట్స్‌కు ఇచ్చిన చెప్పులు మాత్రం చేతితో చేసినవి.

మన దేశానికి వచ్చిన సింగర్ మిషన్లలో ఎన్నో స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంక్ కర్మాగారంలో తయారైనవి. అది 1980లో మూతపడింది. మోడల్ సంఖ్య పక్కన ఉండే 'కె' అక్షరం అక్కడి కిల్‌బోవీ పేరుకు గుర్తు. ఇంటి వాడకానికి వచ్చిన 15, 66 రకాలు గుడ్డ కోసం చేసినవి. 29కె రకం చెప్పులు బాగుచేసేవారి కోసం చేసినది. దాని చేయి సన్నగా పొడుగ్గా ఉంటుంది, ఫుట్ చుట్టూ తిరుగుతుంది, తోలును ఆ ఫుటే లాగుతుంది. జీనులకు, మందపు పట్టీలకు 45కె వంటి బరువు మిషన్లు వేరు. అన్నింటికీ నల్లరంగే, బంగారు పూవులే! పైరూపు చూసి మోసపోవడం సులభం.

మొన్న మన సభ్యురాలొకరి మనుమడు బెల్టులు, సంచులు కుట్టి అమ్ముతానని నన్ను పిలుచుకొనిపోయినాడు. ఇంట్లో నాయనమ్మ మిషనుంది. ఆమె దానిమీద జాకెట్లు కుట్టి ముగ్గురు పిల్లలను చదివించింది. బయట ఒకరు "తోలు కుట్టే పాత మిషను" అని మరొకటి చూపినారట. దానికి నాయనమ్మ పెన్షన్ బకాయి సొమ్ము పెట్టాలని వాడి ఆలోచన. "ఇనుప మిషనే గదా తాతా, నాయనమ్మది కుట్టదా?" అన్నాడు. రెంటినీ ఒకే తీరుగా పరీక్షించినాము.

మొదట, తోలును ఏది జరుపుతుందో చూసినాము. అడుగున పళ్ళు మాత్రమే ఉంటే కింది పొర ముందుకు పోతుంది, పై పొర ఫుట్‌కు అంటుకొని వెనుకబడుతుంది. పళ్ళ గాట్లు తోలు మీద చెరగవు. రెండవది సూది. ఇంటి మిషను సాధారణంగా 18 నంబరు వరకే తీసుకుంటుంది. బెల్టుకు వాడే లావు దారానికి 21, ఆపైన కావాలి, మొన తోలును కోసేదిగా ఉండాలి. మూడవది ఎత్తు. ఇంటి మిషను ఫుట్ లేచేది దాదాపు పావు అంగుళమే. అందులో మూడు పొరలు మడిచిన చోటు దూరదు, దూరినా ఫుట్ అదమలేదు. నాలుగవది, మన తోలు ముక్క, మన దారం తీసుకొనిపోయి మోటారు ఆపి చక్రాన్ని చేతితో తిప్పి కుట్టడం. పెద్ద మోటారు బిగిస్తే బలం వస్తుందనుకోవడం పొరపాటు. సూదో, లోపలి పళ్ళచక్రాలో విరుగుతాయి. కుట్లు అంగుళానికి ఆరు, ఏడు చాలు. తోలులో పడిన రంధ్రం మళ్ళీ పూడదు. దగ్గరగా కుడితే రెవెన్యూ స్టాంపు అంచు మాదిరి అక్కడే చిరుగుతుంది.

అమ్మకానికి చూపినది పెద్ద మోటారు తగిలించిన దర్జీ మిషను. అడుగున పళ్ళే తప్ప తోలును లాగే ఫుట్ లేదు. మడత దగ్గర చక్రం ఆగిపోయింది. నాయనమ్మ మిషను పలుచని మెత్తని తోలును, ఒకటి రెండు పొరలు, నిదానంగా కుట్టింది. చిన్న పర్సుకు పనికివస్తుంది, బెల్టుకు కాదు. బకాయి సొమ్ము బ్యాంకులోనే ఉన్నది. బెల్టులకు ప్రస్తుతం ఆరె, రెండు సూదులు చాలునని, గిరాకీ నిలిచాక చెప్పుల పనికి చేసిన 29కె తరహా మిషను చూద్దామని నిర్ణయమైంది. నాయనమ్మ మాత్రం, "నా మిషను మీద బెల్టులు కుడతానంటే ఊరుకుంటనా!" అని నవ్వింది.

కనుక సభ్యులకు నా మనవి. ఇంటిలోని మిషనును తుక్కు కింద అమ్మకండి, తోలుపనికి తోసి పాడుచేయకండి. కొనదలచినవారు మోడల్ సంఖ్య చదివి, సూదులు, బాబిన్లు, షటిల్ నేటికీ దొరుకుతాయేమో కనుక్కొని, చేతితో తిప్పి చూసిన తరువాతనే డబ్బు చెల్లించండి. సెలవు.