మామూ అంబాసిడర్, బారువ రోడ్డు, బ్రేకుల తారీఖ్



పోయిన నెల కాశీబుగ్గ నుంచి మా మామూ కొడుకు ఫోన్ చేశాడు. కూతురి నికా ఖరారైంది, అల్‌హందులిల్లాహ్. మాటల మధ్యలో ఇంకో ఖబర్ కూడా చెప్పాడు. ఏళ్ల తరబడి టార్పాలిన్ కింద పడి ఉన్న మర్హూమ్ మామూ అంబాసిడర్‌ని బయటికి తీయించాడట. రంగు వేయిస్తున్నాడట. దుల్హన్ తన దాదా బండిలోనే అత్తారింటికి వెళ్లాలని వాడి ఖ్వాహిష్.

"మరి బ్రేకులు?" అన్నాను.

"కొంచెం మెత్తగా ఉన్నాయి భాయ్‌జాన్. రెండుసార్లు తొక్కితే పట్టేస్తున్నాయి."

ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. అచ్చం ఇదే మాట 1991లో మామూ నోటి నుంచి విన్నాను. ఆ మాట తర్వాత ఏం జరిగిందో ఆ బండిలో కూర్చున్న మేం ఏడుగురం చూశాం. అందుకే ఇవాళ సుల్తానుల తారీఖ్, నవాబుల తారీఖ్ పక్కన పెట్టి బ్రేకుల తారీఖ్ రాస్తున్నాను. దీంట్లోనూ ఇబ్రత్ తక్కువేం లేదు.

అది రంజాన్ ఈద్ మరునాడు. మనవాళ్లు బాసీ ఈద్ అంటారు కదా, ఆ రోజు. అమ్మీ, ఖాలా, ముమానీ, మేం ముగ్గురు పిల్లలం, స్టీరింగ్ దగ్గర మామూ. టిఫిన్ క్యారియర్‌లో ఖీమా, డబ్బాలో మిగిలిన షీర్ ఖుర్మా. బారువ సముద్రం చూడటానికి బయల్దేరాం. మామూ టాక్సీ తోలేవాడు. బండి మార్క్ 2 అంబాసిడర్. ఆయన చేతికి వచ్చేసరికే అది రెండు మూడు చేతులు మారింది. ఇంటి దగ్గర బండి తీస్తున్నప్పుడు ముమానీ అడిగింది, "బ్రేకు బాగు చేయించారా?" అని. మామూ నవ్వాడు. "రెండుసార్లు తొక్కితే పడుతుందిలే."

హైవే దిగి బారువ దారి పట్టాక రెండు పక్కలా కొబ్బరి తోటలే. ఉప్పు గాలి మొహానికి కొడుతోంది. మామూ మాకు కహానీ చెబుతున్నాడు. ఇంగ్లీషు వాళ్ల రోజుల్లో బారువ ఒక రేవు, ఇక్కడ సముద్రం అడుగున ఒక ఓడ పడి ఉంది అని. పెద్దయ్యాక తెలుసుకున్నాను, ఆ ఓడ పేరు చిల్కా, అది మునిగింది 1917లో. కహానీ పూర్తి కాలేదు. ముందు ఆవుల మంద రోడ్డుకి అడ్డం వచ్చింది. మామూ బ్రేకు తొక్కాడు. పెడల్ చప్పుడు లేకుండా నేలకి దిగిపోయింది. రెండోసారి తొక్కాడు. మూడోసారి. ఏమీ లేదు.

"సీటు గట్టిగా పట్టుకోండి!" అని ఒక్క అరుపు అరిచాడు. తర్వాత ఆయన నోరు మూసుకుపోయింది, చేతులు మాత్రం ఆగలేదు. ఎడమ చెయ్యి స్టీరింగ్ పక్కన ఉన్న గేరు కాడ మీదికి పోయింది. నాలుగు నుంచి మూడు. ఇంజను గొంతు చించుకున్నట్టు మోగింది, మేమంతా ముందుకి ఊగాం. మూడు నుంచి రెండు. ఆ తర్వాత హ్యాండ్ బ్రేకు. ఒక్కసారిగా గుంజలేదు. కొంచెం లాగాడు, వదిలాడు, మళ్లీ లాగాడు. హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఆవులు సగం తప్పుకున్నాయి. మిగతా సగాన్ని తప్పించి బండిని రోడ్డు దించి, పీచు తీయడానికి పోసిన కొబ్బరి డొక్కల కుప్పలోకి పోనిచ్చాడు. డొక్కలు బానెట్ మీదికి ఎగిరిపడ్డాయి. బండి ఆగింది. షీర్ ఖుర్మా అంతా ఖాలా బురఖా మీద ఉంది.

తోటలోంచి మనుషులు పరిగెత్తుకొచ్చారు. "ఏటైంది బాబూ? దెబ్బలేటైనా తగిలాయేటి?" అని ఒక పెద్దాయన మా ఒళ్లు తడిమి చూశాడు. ఎవరో ఆడమనిషి చెంబుతో నీళ్లు తెచ్చి ముందు మా అమ్మీకి ఇచ్చింది. ఆ చెంబు నాకిప్పటికీ గుర్తే.

ఇంటికొచ్చాక అందరూ కరామత్ అన్నారు, అల్లా కాపాడాడన్నారు. మామూ మాత్రం తలెత్తలేదు. మగ్రిబ్ నమాజ్ అయ్యాక అమ్మీ ముందు కూర్చుని ఒక్క మాట అన్నాడు. "ఆపా, ఎనిమిది రోజులకోసారి డబ్బాలో బ్రేక్ ఆయిల్ పోస్తున్నాను. పోసిన ఆయిల్ ఎక్కడికి పోతోందని ఒక్కసారి కూడా అడుక్కోలేదు. గలతీ బండిది కాదు, నాది."

ఆ ఆయిల్ ఎక్కడికి పోతుందో అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

తొలి కార్లలో పెడల్ నుంచి చక్రం దాకా ఇనుప కడ్డీలు, తీగలు ఉండేవి. నాలుగు చక్రాలకీ ఒకే బిగువు రావాలంటే మిస్త్రీ ప్రాణం పోయేది. ఒక పక్క ఎక్కువ బిగిస్తే బండి ఆ పక్కకి లాగేది. దీనికి ఇలాజ్ చూపించినవాడు అమెరికాలో మాల్కమ్ లాగ్‌హెడ్. చిల్కా మునిగిన ఆ 1917లోనే ఆయన ద్రవంతో పనిచేసే బ్రేకుకి పేటెంట్ తీసుకున్నాడు. అన్నదమ్ములు తర్వాత ఇంటి పేరుని పలికే తీరుగా లాక్‌హీడ్ అని రాసుకున్నారు. విమానాల కంపెనీ పేరు కూడా ఆ ఇంటిదే.

సూత్రం పాతదే. మూసిన గొట్టంలో ఉన్న ద్రవాన్ని ఒక చోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులా సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలోనే పాస్కల్ చెప్పాడు. పెడల్ కింద ఒక మాస్టర్ సిలిండర్, ప్రతి చక్రం దగ్గర ఒక చిన్న సిలిండర్, మధ్యలో సన్నటి గొట్టాలు. కాలు నొక్కితే నాలుగు చక్రాలకీ ఒకే బలం. తొలి రోజుల్లో ఆ ద్రవం ఏమిటో తెలుసా? ఆల్కహాల్ కలిపిన ఆముదం! మన నానీలు తలకి రాసిన ఆముదమే. 1921లో డ్యూసెన్‌బర్గ్, 1924లో క్రైస్లర్ ఈ బ్రేకుల్ని నాలుగు చక్రాలకీ పెట్టాయి. మొదట తోలుతో చేసిన కప్పులు కారేవి, వాటి స్థానంలో రబ్బరు కప్పులు వచ్చాయి. హెన్రీ ఫోర్డ్‌కి మాత్రం ఈ నూనె మీద భరోసా కుదరలేదు. 1939 మోడళ్ల దాకా ఆయన కార్లు కడ్డీల మీదే ఆగాయి. జనం ఆయన్ని మొండివాడన్నారు. కానీ ఆయన అనుమానంలో కొంత నిజం ఉంది. కడ్డీ ఒకటి విరిగినా మిగతావి పనిచేయొచ్చు. నూనె అలా కాదు. నాలుగు చక్రాలకీ ఒకే లైను, ఎక్కడ చిల్లి పడ్డా నాలుగూ పోతాయి.

మన అంబాసిడర్ ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కారుకి బేటీ. 1950ల చివర్లో కలకత్తా పక్కన ఉత్తర్‌పాడాలో తయారీ మొదలై 2014 దాకా సాగింది. తొలి నమూనాల్లో ఆ జమానా కార్లన్నిటికీ ఉన్నట్టే బ్రేకు లైను ఒక్కటే. మామూ బండి ఆ తరంది. వెనక చక్రం దగ్గర రబ్బరు కప్పు అరిగి, ఆయిల్ చుక్క చుక్కగా డ్రమ్ములోకి కారుతోంది. ఆ రోజు కప్పు పూర్తిగా చిరిగింది. ఒక చక్రం చిన్న రబ్బరు ముక్క నాలుగు చక్రాల బ్రేకుని తీసుకుపోయింది.

ఇక్కడ రైలు తారీఖ్ కూడా చూడాలి. బారువ స్టేషన్ మీదుగా పోయే రైలు బ్రేకు వెనక ఒక పెద్ద హాదిసా ఉంది. 1889 జూన్ 12న ఐర్లండులోని అర్మా దగ్గర ఆదివారం బడి పిల్లలతో వెళ్తున్న రైలు ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది. వెనక పెట్టెల్ని విడదీశారు. ఆ రైలుకి ఉన్న బ్రేకు ఎలాంటిదంటే, పెట్టెలు విడిపోగానే బ్రేకు కూడా వదిలేస్తుంది. వెనక పెట్టెలు వాలులో జారిపోయి వచ్చే బండిని గుద్దుకున్నాయి. దాదాపు 80 మంది పోయారు, చాలామంది పిల్లలు. ఆ ఏడాదే అక్కడ చట్టం వచ్చింది. ప్రయాణికుల రైలుకి గొట్టం తెగితే తనంతట తానే పట్టుకునే బ్రేకు ఉండాలని. అలాంటి బ్రేకుని అమెరికాలో వెస్టింగ్‌హౌస్ 1872లోనే తయారుచేశాడు. ఇల్మ్ ఉంది, అమలు కావడానికే జానాజాలు కావలసి వచ్చాయి.

అంటే రైలు బ్రేకు తెగితే రైలు ఆగుతుంది. పాత కారు బ్రేకు తెగితే కారు ఆగదు. కార్లు ఈ సబక్ ఆలస్యంగా నేర్చుకున్నాయి. 1960ల మొదట్లో కాడిలాక్, సాబ్ లాంటి కంపెనీలు ఒకే లైనుని రెండుగా విడగొట్టాయి. ఒకటి పోయినా రెండోది సగం బలంతో ఆపుతుంది. 1968 నుంచి అమెరికాలో కొత్త కార్లకి అది తప్పనిసరి అయింది. మెల్లగా మన కార్లకీ వచ్చింది. 1989 నాటి మన కేంద్ర మోటారు వాహనాల నియమాలు కూడా కాలితో తొక్కే బ్రేకు, పార్కింగ్ బ్రేకు రెండూ ఒకదాని మీద ఒకటి ఆధారపడకుండా ఉండాలంటాయి. బారువ రోడ్డు మీద మమ్మల్ని కాపాడింది ఆ రెండో బ్రేకే. అది నూనెతో కాదు, తీగతో పనిచేస్తుంది.

ఆ తీగతో పాటు కాపాడింది ఉస్తాద్ నేర్పిన తజుర్బా. మామూ స్కూలు మెట్లు పెద్దగా ఎక్కలేదు. పదేళ్ల వయసులో ఒక మోటారు షెడ్డులో శాగిర్ద్‌గా చేరాడు. మన ఇళ్లలో ఇలా పానాల మధ్య పెరిగిన చాచాలు, మామూలు ఎంతమందో! అక్కడ ఉస్తాద్ పుస్తకం ఇవ్వలేదు, చెప్పి చెప్పి చేతికి అలవాటు చేశాడు. బ్రేకు పోతే వెంటవెంటనే పెడల్ కొట్టు, లైనులో కొంచెం ఆయిల్ మిగిలుంటే ఒత్తిడి వస్తుంది. గేర్లు ఒక్కొక్కటే దించు. న్యూట్రల్ చెయ్యకు, చేస్తే ఇంజను పట్టు కూడా పోతుంది. తాళం తిప్పెయ్యకు, కొన్ని బండ్లలో స్టీరింగ్ బిగుసుకుపోతుంది. హ్యాండ్ బ్రేకు మెల్లగా లాగు, ఒక్కసారే గుంజితే వెనక చక్రాలు జారతాయి. అప్పటికీ ఆగకపోతే చెట్టు కాదు, ఇసుకో గడ్డివామో మెత్తటిదేదో చూసుకో. ఈ ఇల్మ్ ఆ తరంతోనే పోతోంది. కొత్త కార్లు మనకి అది అవసరం లేదనిపిస్తున్నాయి.

అవసరం ఉంది. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సు లోయలో పడింది. లోపల వందమందికి పైగా ఉన్నారు. 60 మందికి పైగా చనిపోయారు. బ్రేకులు, పాత బస్సు, మించిన బరువు, ఘాట్ దారి, అన్నిటి మీదా సవాళ్లు లేచాయి. ఆ రోజు వార్తలు రాస్తూ నేను బారువ కొబ్బరి డొక్కల గురించే ఆలోచించాను. మా దారి చదునుగా ఉంది, పక్కన మెత్తటి కుప్ప ఉంది. వాళ్లకి పక్కన లోయ ఉంది.

మామూ కొడుక్కి మర్నాడే ఫోన్ చేశాను. చెప్పింది ఇది. మెత్తటి పెడల్ అంటే బండి ముందుగా పంపిన ఖబర్. రెండుసార్లు తొక్కితే పడే బ్రేకు ఒక రోజు మూడుసార్లు తొక్కినా పడదు. ఆయిల్ తగ్గితే పోయడం ఇలాజ్ కాదు, ఎక్కడ కారుతోందో వెతకడం ఇలాజ్. ఏళ్లు నిలబడిన బండిలో రబ్బరు ఎండిపోతుంది, ఉద్దానం ఉప్పు గాలికి ఇనుప గొట్టాలు లోలోపలే తుప్పు పడతాయి. ఇప్పటి బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి దిగుతుంది. మరిగితే గొట్టంలో ఆవిరి చేరి పెడల్ మళ్లీ నేలకే. అందుకే పాత ఆయిల్ మొత్తం తీయించు. ఇంజను ఆయిల్ మాత్రం చుక్క కూడా పడనివ్వకు, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. నాలుగు చక్రాలూ విప్పించు. 15 ఏళ్లు దాటిన బండి కాబట్టి ఫిట్‌నెస్, రిజిస్ట్రేషన్ కాగితాలు కూడా సరిచూసుకో.

వాడు కొంచెం నొచ్చుకున్నాడు. "అబ్బా బండి భాయ్‌జాన్, అల్లా చూసుకుంటాడు" అన్నాడు. ఒంటెని కట్టకుండా తవక్కుల్ అన్న మనిషికి రసూలుల్లాహ్ (స) ఏం చెప్పారో నీ కూతురికీ తెలుసు అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మిస్త్రీని పిలుస్తాను" అన్నాడు.

నిన్న రాత్రి ఫోటో పంపాడు. వెనక చక్రం డ్రమ్ము విప్పి ఉంది. లోపలంతా నల్లగా, తడిగా, ఆయిల్. మిస్త్రీ వేళ్ల మధ్య చిరుగు పట్టిన చిన్న రబ్బరు కప్పు. కింద ఒక్క లైను రాశాడు: "అబ్బా చెప్పిన చక్రమే."

కొత్త కప్పులు, గొట్టాలు పడ్డాక, ఖాళీ బండిని నాలుగు రోజులు తోలి చూశాక, ఇన్‌షా అల్లా దుల్హన్ ఆ బండిలోనే వెళ్తుంది. నేను ముందు సీట్లో కూర్చుంటాను. మీ ఇంట్లో ఎవరైనా "రెండుసార్లు తొక్కితే పడుతుంది" అంటే, దయచేసి నవ్వి ఊరుకోకండి. తాళం చెవి తీసి దాచెయ్యండి.

మా మామూ మగ్ఫిరత్ కోసం దువా చెయ్యండి. బారువలో ఆ రోజు చెంబుతో నీళ్లు తెచ్చిన ఆ అమ్మ కోసం కూడా.