శుక్రకణ–అండ సంలీన ప్రోటీన్లు

క్షీరదాల్లో శుక్రకణం, అండం పైపొరలు ఒకటిగా కలిసిపోవడానికి అవసరమైన ప్రోటీన్లు. వీటిలో బాగా తెలిసిన జంట శుక్రకణం మీది ఇజుమో1, అండం మీది జూనో.

అండాన్ని చేరగానే శుక్రకణం దానితో కలిసిపోలేదు. ముందు దాని తల మీది ఆక్రోసోమ్ అనే సంచి పగలాలి. అందుకు కణంలోకి కాల్షియం రావాలి. సంచి పగిలాకే లోపల దాగిన ఇజుమో1 ఉపరితలానికి చేరుతుంది. హైదరాబాదు ఈ చరిత్రలోకి వచ్చేది ఈ కాల్షియం దగ్గరే. ఎద్దు వీర్యద్రవంలోని సెమినల్‌ప్లాస్మిన్ అనే ప్రోటీను గురించి ఇ.ఎస్.పి. రెడ్డి, పుష్ప మిత్ర భార్గవ 1979లో నేచర్ పత్రికలో రాశారు. వారు పనిచేసిన హైదరాబాదు పరిశోధన సంస్థ సీసీఎంబీ (సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ) పుట్టి అప్పటికి రెండేళ్లే. బాక్టీరియాలో రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏ తయారీని ఇది ఆపుతుందన్నది వారు చూపిన విషయం. శుక్రకణంలోకి కాల్షియం రాకుండా అడ్డుకుంటుందని అమెరికాలో హెన్రీ లార్డీ బృందం గుర్తించిన కాల్ట్రిన్, ఈ సెమినల్‌ప్లాస్మిన్ ఒకటేనని తర్వాత తేలింది. ఇది సంలీన ప్రోటీను కాదు. కానీ సంలీనానికి ముందు తెరుచుకోవలసిన తలుపు దగ్గర పనిచేసేది కాబట్టి దీన్ని ఈ కథలోంచి తీసేయడం న్యాయం కాదు.

అసలు సంలీన ప్రోటీను వేట చాలాకాలం దారితప్పింది. గినీపిగ్ శుక్రకణాలపై పాల్ ప్రిమకాఫ్, డయానా మైల్స్ ప్రతిరక్షకాలతో గుర్తించిన ఫెర్టిలిన్ అనే ప్రోటీనులో వైరస్ సంలీన ప్రోటీన్ల పోలిక కనిపించడంతో 1992లో ఆశలు పెరిగాయి. 1998లో ఫెర్టిలిన్ బీటా జన్యువు తీసేసిన ఎలుకలను పరీక్షిస్తే, వాటి శుక్రకణాల్లో కొన్ని అండంతో కలిశాయి! ప్రతిరక్షకాలతో గాజు పాత్రలో దొరికిన సాక్ష్యం కంటే జన్యువు తీసేసిన ఎలుక చెప్పే సాక్ష్యమే గట్టిదని ఈ రంగం అప్పుడు నేర్చుకుంది. 2000లో అండం మీది సీడీ9 ఆ పరీక్షకు నిలిచింది. అది లేని ఆడ ఎలుకల్లో సంతాన సామర్థ్యం బాగా పడిపోయింది.

2005లో ఒసాకా విశ్వవిద్యాలయంలో మసారు ఒకాబే బృందం ఇజుమోను ప్రకటించింది. పెళ్లిళ్లు కుదిర్చే దేవుడి ఆలయంగా జపాన్‌లో పేరున్న ఇజుమో నుంచి ఆ పేరు తీసుకున్నారు. అది లేని శుక్రకణాలు అండపు బయటి పొరను దాటి లోపలికి వెళ్లాయి గాని కలవలేకపోయాయి. వాటిని నేరుగా అండంలోకి ఎక్కిస్తే పిండాలు ఎదిగాయి. అంటే లోపం సంలీనంలోనే ఉంది. 2014లో ఇంగ్లండులోని సాంగర్ సంస్థలో ఎన్రికా బియాంకి, గావిన్ రైట్ దాని జోడీని పట్టుకున్నారు. అది అప్పటిదాకా ఫోలేట్ గ్రాహకం4గా పిలిచిన ప్రోటీను. నిజానికి అది ఫోలేట్‌ను పట్టుకోదు. జూనో అని పేరు మార్చారు. ఫలదీకరణ జరిగిన 30-40 నిమిషాల్లో ఇది అండం పైనుంచి రాలిపోతుంది. రెండో శుక్రకణాన్ని ఆపే ఏర్పాట్లలో ఇదొకటి.

2016లో టొరంటో, టోక్యో బృందాలు ఈ జంట స్ఫటిక నిర్మాణాన్ని చూపాయి. ఇజుమో1 బయటి భాగంలో నాలుగు హెలిక్సుల కట్ట, దాన్ని ప్రతిరక్షకం లాంటి మడతతో కలిపే కీలు ఉన్నాయి. జూనో ఆ కీలు ప్రాంతానికి అతుక్కుంటుంది. ఇజుమో1లో 148వ స్థానంలోని ట్రిప్టోఫాన్‌ను మారిస్తే పట్టు సడలిపోతుంది.

అతుక్కోవడం వేరు, కలిసిపోవడం వేరు. ఇజుమో1 ఉన్నా టీమెమ్95, స్పాకా6 లాంటి ఇతర ప్రోటీన్లు లోపించిన శుక్రకణాలు కలవలేవని 2020లో తేలింది. ఇజుమో1 ఒక్కటే పొరలను కలపగలదని 2023లో మరో బృందం వాదించింది. 2024లో వియన్నాలోని ఆండ్రియా పౌలి బృందం ప్రోటీన్ల ఆకారాన్ని ఊహించే ఆల్ఫాఫోల్డ్ ప్రోగ్రామ్ అంచనాతో మొదలుపెట్టి, ఇజుమో1, స్పాకా6, టీమెమ్81 మూడూ ఒక కూటమి కడతాయని చూపింది. చేపల్లోనూ అదే కూటమి ఉంది. అక్కడ అండం వైపు జోడీ మాత్రం జూనో కాదు, బౌన్సర్ అనే వేరే ప్రోటీను.