సముద్రపు నీటి బరువుకు లెక్క ఎలా పుట్టింది?

సముద్రపు నీళ్లు మరగబెట్టి, అడుగున మిగిలిన ఉప్పు తూస్తే లవణీయత తెలిసిపోదా? తెలియదు. పూర్తిగా ఎండబెట్టబోతే క్లోరిన్‌లో కొంత ఆవిరై పోతుంది. వేడి తగ్గిస్తే ఉప్పు తడిని వదలదు. అందుకే ఈ శాస్త్రం మొదటినుంచీ దొడ్డిదారినే నడిచింది.

1872-76లో ప్రపంచం చుట్టిన ఛాలెంజర్ ఓడ తెచ్చిన 77 నమూనాలను విలియం డిట్మార్ పరీక్షించాడు. ఏ సముద్రంలోనైనా లవణాల పాళ్లు దాదాపు ఒకటేనని తేలింది. అంటే క్లోరిన్ ఒక్కటి కొలిస్తే మొత్తం ఉప్పు లెక్క దొరుకుతుంది. డెన్మార్క్‌కు చెందిన మార్టిన్ క్నుడ్సెన్ బృందం సిల్వర్ నైట్రేట్‌తో క్లోరిన్ కొలిచి, దాన్ని 1.805తో హెచ్చించి 0.030 కలపమంది. 1901లో ఆయన పట్టికలు అచ్చయ్యాయి. ఆ సూత్రానికి ఆధారం తొమ్మిదే నమూనాలు! పైగా క్లోరిన్ సున్నా అయినా 0.030 ఉప్పు మిగులుతుంది. తప్పేమీ కాదు, ఉప్పు తక్కువున్న నమూనాలు బాల్టిక్ సముద్రానివి, అందులో నదులు మోసుకొచ్చిన లవణాలున్నాయి. ఒక మూల సముద్రపు లక్షణం అన్ని సముద్రాల నెత్తినా పడింది. 1960లలో గానీ ఆ 0.030ని తీసేయలేదు.

చాలాకాలం ఇదంతా పట్టికలు చూసుకుంటూ చేత్తో వేసిన లెక్కే. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి సముద్ర శాస్త్రం బోధించిన యూజీన్ లాఫాండ్ 1951లో ఆ లెక్కల పద్ధతుల మీదే ఒక పుస్తకం వెలువరించారు.

తర్వాత ఉప్పు కొలవడానికి నీటి విద్యుత్ వాహకత రంగంలోకి దిగింది. 1978 నాటి కొలమానంలో లవణీయతకు యూనిట్ కూడా లేదు, ఉత్త అంకె. లవణీయత, ఉష్ణోగ్రత, పీడనాల నుంచి నీటి సాంద్రతను తేల్చే 1980 సమీకరణంలో 41 గుణకాలు. అవి సిద్ధాంతం నుంచి రాలేదు, ప్రయోగశాల కొలతలకు అతికించినవి. 1983లో ఫోఫొనాఫ్, మిల్లార్డ్ దాన్ని ఫోర్‌ట్రాన్‌లో రాసి యునెస్కో ద్వారా ప్రకటించారు. ప్రోగ్రాం సరిగ్గా నడుస్తోందో లేదో చూసుకోవడానికి లవణీయత 40, ఉష్ణోగ్రత 40 డిగ్రీలు, పీడనం 10,000 డెసిబార్లు ఇస్తే ఘనపు మీటరుకు 1059.82037 కిలోలు రావాలన్నారు. పది కిలోమీటర్ల లోతున అంత వేడి నీళ్లు ఏ సముద్రంలోనూ ఉండవు, అయినా సరిచూడ్డానికి అదే పనికొచ్చింది.

ఉప్పు ప్రభావం ఎంతో మన బంగాళాఖాతం చెబుతుంది. వానల తర్వాత గంగ, బ్రహ్మపుత్ర నీళ్లు కలిసి ఉత్తర భాగంలో లవణీయత 30కి దిగువకు పోవడం మామూలే. 28 డిగ్రీల నీటికి 35 బదులు 30 వేస్తే ఘనపు మీటరుకు దాదాపు 3.7 కిలోలు తగ్గుతుంది. వేడి ఒక్కటే అంత తగ్గించాలంటే నీరు సుమారు 14 డిగ్రీల నుంచి 28కి ఎక్కాలి. ఆ తేలిక పొర కింది నీటితో అంత సులువుగా కలవదు.

2010 నుంచి టియోస్-10 అనే కొత్త ప్రమాణం అమల్లో ఉంది. రైనర్ ఫైస్టెల్ రూపొందించిన గిబ్స్ ప్రమేయం దీనికి పునాది. ఇందులో నిరపేక్ష లవణీయత కిలోకు గ్రాముల్లో ఉంటుంది. పాత 35, కొత్త లెక్కలో 35.16504. పాత అంకెనే కొత్త ఫంక్షన్‌కు ఇచ్చేస్తే సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 0.13 కిలో తప్పుతుంది, లోతు నీటి అధ్యయనంలో అది చిన్న తేడా కాదు. మార్చేటప్పుడు అక్షాంశ రేఖాంశాలు కూడా అడుగుతుంది, ఎందుకంటే పాళ్లు నిజానికి అన్నిచోట్లా సమానం కావు. బాల్టిక్‌కైతే టియోస్-10 ప్రోగ్రాంల లైబ్రరీలో వేరే ఫంక్షనే ఉంది. ఎంత ప్రయాణం చేసినా ఆ సముద్రం లెక్కను వదల్లేదు!

భద్రపరిచే దస్త్రాల్లో మాత్రం పాత అంకెనే ఉంచమని టియోస్-10 చెబుతుంది. యంత్రం కొలిచింది అదే కదా. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ నుంచి, సముద్రంలో తేలుతూ కొలిచే ఆర్గో యంత్రాల డేటా దించుకున్నా వచ్చేది ఆ పాత లవణీయతే. మార్చుకునే పని దించుకున్నవాళ్లది.