ఏప్రిల్ 1 స్నో: స్కేలు పట్టుకుని లెక్క రాసినవాళ్లు

ఎపిసోడ్‌లో టైం చాలక 1997 తుఫాను సంగతి రెండు ముక్కల్లో ముగించేశాం. మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

ఆ ఏడాది మార్చి 30 ఈస్టర్ ఆదివారం. బాస్టన్‌లో ఆ రోజు వేడి 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటింది, మన లెక్కలో 16 సెల్సియస్. చలికాలం పోయిందనే ఎవరైనా అనుకుంటారు. మర్నాడు ముసురు పట్టి, వాన కాస్తా స్నోగా మారి, ఏప్రిల్ 1 దాకా కురుస్తూనే ఉంది. లోగన్ ఎయిర్‌పోర్టు దగ్గర 25.4 అంగుళాలు పడింది. పడమటి వైపు నలభై మైళ్ల దూరంలో ఉన్న వూస్టర్‌లో 33 అంగుళాలు. ఏప్రిల్ ఫూల్స్ డే బ్లిజార్డ్ అని పేరు పడిపోయింది.

నన్ను పట్టుకున్న ప్రశ్న వేరే. ఊరూరికీ మారే ఈ అంకెలు రాసేది ఎవరు? కొన్ని ఆఫీసువాళ్లు రాసినవే. కానీ చాలావరకు జీతం లేకుండా, ఇష్టంతో పెరట్లోకి వెళ్లి కొలిచేవాళ్లవి. ఈ అలవాటు పాతది. 1849లో స్మిత్సోనియన్ సంస్థ పెద్ద జోసెఫ్ హెన్రీ సుమారు 150 మంది వాలంటీర్లతో మొదలుపెట్టాడు. టెలిగ్రాఫ్ అప్పుడే కొత్త కాబట్టి కబురు తుఫాను కన్నా ముందు పరుగెత్తేది. బాస్టన్ పక్కన మిల్టన్‌లో బ్లూ హిల్ అబ్జర్వేటరీని 1885లో రాచ్ అనే కుర్రాడు సొంత డబ్బుతో కట్టాడు. ఇప్పటికీ అక్కడ రోజూ రాస్తున్నారు.

ఇదేదో తెల్లవాళ్ల పిచ్చి అనుకోకండి. హెన్రీ కన్నా ముందే, 1840 ప్రాంతంలో, విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారు సొంతంగా అబ్జర్వేటరీ పెట్టారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు గారు నడిపించారు. అక్కడ స్నో లేదు, గాలీ వానా ఉన్నాయి. పని మాత్రం ఒకటే.

చుట్టుపక్కల ఊళ్ల లెక్క ఎందుకు కావాలో 1888 మార్చి తుఫాను చెబుతుంది. మార్చి 11 నుంచి 14 దాకా కురిసింది, 400 మందికి పైగా చనిపోయారు. న్యూయార్క్ నగరంలో 21 అంగుళాలు, ఆల్బనీలో 46.7, సరటోగా స్ప్రింగ్స్‌లో 58. బాస్టన్‌లో వాన కలవడంతో అంత పడలేదు. ఒక్క ఊరి అంకె పట్టుకుని ఆ తుఫాను ఎంతటిదో చెప్పలేం.

కొలవడం తేలికేం కాదు. తెల్లరంగు వేసిన చెక్క పలకను గాలి మరీ కొట్టని చోట పెడతారు. స్కేలుతో అంగుళంలో పదో వంతు దాకా చూసి, రాసుకుని, పలక తుడిచేసి మళ్లీ పెడతారు. ఆరు గంటలకోసారి కన్నా ఎక్కువసార్లు తుడవకూడదు. గంట గంటకీ తుడిస్తే స్నో అణగడానికి టైం ఉండదు, మొత్తం కలిపితే అంకె పెరిగిపోతుంది. వసంతకాలపు స్నోతో ఇంకో తంటా: నేల వెచ్చగా ఉంటుంది, అడుగు నుంచి కరిగిపోతుంది. ఆలస్యంగా వెళ్తే ఉన్నది తగ్గిపోయి కనిపిస్తుంది.

సైట్ మనిషిని కాబట్టి నేను లోతు కన్నా బరువు చూస్తాను. కొలిచేవాళ్లు స్నోను కరిగించి నీళ్లు కూడా కొలుస్తారు, మనకు పనికొచ్చేది అదే. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీళ్లంటే ఒక కిలో. 25 అంగుళాల పొడి స్నో పదికి ఒకటి లెక్కన కరిగితే చదరపు మీటరుకు 63 కిలోలు. ఏప్రిల్ నెల తడి స్నో ఆరుకి ఒకటి లెక్కన వచ్చిందనుకోండి, 105 కిలోలు. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద మొదటిది ఆరు టన్నుల దగ్గర, రెండోది పది టన్నుల దగ్గర. చూడ్డానికి రెండూ ఒకే ఎత్తు! పైకి ఎక్కి పార పట్టే ముందు ఈ తేడా తెలియాలి.

1978 జనవరి 18 తెల్లవారుజామున హార్ట్‌ఫర్డ్ సివిక్ సెంటర్ కప్పు స్నో బరువుకి కూలిపోయింది. అంతకు కొన్ని గంటల ముందే అక్కడ సుమారు 5,000 మంది బాస్కెట్‌బాల్ చూసి వెళ్లారు. లోపం డిజైన్‌లోనే ఉందని దర్యాప్తులో తేలింది. బరువు దాన్ని బయటపెట్టింది, అంతే.

బాస్టన్ తుఫాను వచ్చిన 1997లోనే జులై 28న కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌ను వరద ముంచి ఐదుగురు చనిపోయారు. ఊరికి ఒక వైపు 14 అంగుళాల వాన, ఇంకో వైపు చాలా తక్కువ. మధ్యలో కొలిచేవాళ్లు చాలినంత మంది లేరు. అందుకే కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో నోలన్ డోస్కెన్ 1998లో కోకోరాస్ అనే వాలంటీర్ల బృందం మొదలుపెట్టాడు. వాన, వడగళ్లు, స్నో మూడూ కొలుస్తారు. డిగ్రీ అడగరు. నాలుగంగుళాల వెడల్పు గొట్టం కొనుక్కుని, వాళ్ల ట్రైనింగ్ చూసి, రోజూ పొద్దున ఏడింటి ప్రాంతంలో రాస్తే చాలు. మనం డ్యూటీకి బయల్దేరే టైమే. ఏమీ పడని రోజు సున్నా రాయమంటారు, ఖాళీ వదిలితే చూడలేదని లెక్క.