గోడలో కంప్యూటర్

1999 జనవరి 26. ఢిల్లీ కాల్కాజీలో కంప్యూటర్ శిక్షణ సంస్థ ఎన్‌ఐఐటీ ఆఫీసు ప్రహరీకి కన్నం పెట్టి, అవతలి మురికివాడ వైపు తిరిగేలా ఓ కంప్యూటర్ బిగించారు అక్కడి పరిశోధకుడు సుగతా మిత్రా. నేర్పేవాళ్లెవరూ లేరు.

పిల్లలు మూగారు. ఒకడు నొక్కుతుంటే చుట్టూ పదిమంది సలహాలు! తెర మీది బాణానికి ‘సూయీ’ అని, అంటే సూది అని, ఇసుక గడియారం బొమ్మకు ‘డమరూ’ అని వాళ్లే పేర్లు పెట్టేసుకున్నారు. కర్సర్ అన్న మాట తెలియకపోతేనేం?

తర్వాత హైదరాబాద్‌లో మిత్రా మరో ప్రయోగం. తెలుగు యాసలో పిల్లలు పలికిన ఇంగ్లిష్‌ను, మాట విని టైపు చేసే సాఫ్ట్‌వేర్ పిచ్చిరాతలుగా మార్చింది. దాన్ని రెండు నెలలు వాళ్లకే వదిలేస్తే ఉచ్చారణే మారిపోయింది. యాస పోవడం చదువేనా అన్నది వేరే పేచీ.

2013లో మిత్రాకు టెడ్ ప్రసంగాల సంస్థ బహుమతిగా 10 లక్షల డాలర్లు వచ్చాయి. కానీ అప్పటికే ఉత్తరాఖండ్‌లో ఇలాంటి కంప్యూటర్లు కొన్ని మూలపడ్డాయి.