డిశ్చార్జి తర్వాత పాలమూరు

తలకు దెబ్బ తగిలి ఆస్పత్రిలో పడ్డ మనిషి ఆ తర్వాత ఎక్కడికి చేరతాడన్నది అమెరికాలో జాతుల లెక్క. నల్లజాతివారు, హిస్పానిక్‌లు తెల్లవారికంటే తక్కువగా పునరావాస కేంద్రాలకు వెళుతున్నారని అక్కడి అధ్యయనాలు పలుమార్లు తేల్చాయి. తెలంగాణలోని పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా) ప్రాంతపు అమరచింతలో అదే ప్రశ్నకు జవాబు ఒక్కటే: ఇంటికి. ఏ కులం వాడి ఇంటికి, ఎంత భూమి ఉన్న ఇంటికి అన్న దగ్గర అసలు చరిత్ర మొదలవుతుంది.

నిజాం కాలపు అమరచింత సంస్థానం 1948 తర్వాత కనుమరుగైంది. వానను నమ్ముకున్న చేలు, అప్పులు మిగిలాయి. దళితులు, వెనుకబడిన కులాలవారు, తండాల లంబాడాలు గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు పట్టుకొని దేశమంతా ఆనకట్టలు కట్టడానికి పోయారు. ‘పాలమూరు లేబర్’ అన్న పేరు అలా వచ్చిందే. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం, కూలీకి తీవ్ర గాయమైతే కాంట్రాక్టరు రెండు రాష్ట్రాల అధికారులకూ, దగ్గరి బంధువుకూ తెలపాలంది. కబురు చేరాక అతణ్ణి ఎవరు సాకాలో చెప్పలేదు.

ఊళ్లోనే ఉన్న చేనేత కుటుంబానిది మరో కష్టం. మగ్గం గుంటలో చేయి, కాలు, చూపు ఒక్క లయలో కదలాలి. మెదడు గాయం ఆ లయనే చెడగొట్టవచ్చు. ఇల్లే పనిచోటు గనుక భార్య గాయపడిన నేతగాడికి అన్నం తినిపించాలి, కండెలూ చుట్టాలి. ఇద్దరి కూలీ ఒక్కసారే పడిపోతుంది.

ప్రాణం నిలిపే ఏర్పాటు మాత్రం వేగంగా వచ్చింది. 2005లో 108 అంబులెన్సు, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాయి. ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. ఇది చిన్న మేలు కాదు. అయితే 2016 వికలాంగుల హక్కుల చట్టం పేర్కొన్న 21 వైకల్యాల్లో తలగాయానికి విడిగా చోటు లేదు. చేయి పడిపోతే వైకల్య ధ్రువీకరణ శిబిరంలో కనిపిస్తుంది. మతిమరుపు, ఉన్నట్టుండి వచ్చే కోపం ఒక్క పూట పరీక్షలో ఎవరికి కనిపిస్తాయి? వికలాంగుల పింఛను అక్కడే ఆగుతుంది.

వనపర్తి, నాగర్‌కర్నూల్ వైద్య కళాశాలలు 2022లో తెరుచుకున్నాయి. రోగి ఎక్కడికి వెళుతున్నాడు, ఎవరు చూసుకుంటారు అన్న రెండు గడులు డిశ్చార్జి కాగితంలో చేర్చడం వాటికి పెద్ద ఖర్చేమీ కాదు. ఆ పని ఈ ఏడాదే మొదలుపెట్టాలి.