వల్ద్ ఎవరు? మా ముత్తాత పుట్టిన ఊరి కోసం వెతుకులాట

మా తమ్ముడి కొడుకు పెళ్ళి మాటల దగ్గర ఈ వెతుకులాట మొదలైంది. అమ్మాయిది పక్క ఊరే. పిల్లలిద్దరూ ఇష్టపడ్డారు. పెద్దమనుషులు చింతచెట్టు కింద కూర్చున్నారు. మాట ఒక కొలిక్కి వస్తుందనుకునేసరికి అమ్మాయి తరఫున చదువుకున్న కుర్రవాడు ఒకడు జేబులోంచి జిరాక్సు కాగితం తీసి మా ముందు పెట్టాడు. అది 1954-55 నాటి కాస్రా పహాణీ నకలు. అందులో మా పాత భూమికి ఎదురుగా మా ముత్తాత పేరు ఉంది. పేరు పక్కన ‘వల్ద్’ అని రాసి, ఆ తర్వాత ఇంకొక పేరు ఉంది. ఆ రెండో పేరు మా వాళ్ళది కాదు. అమ్మాయి వాళ్ళ ఇంటి పాత పెద్దది.

నిజాం కాలపు కాగితాల్లో వల్ద్ అంటే కొడుకు అని అర్థం. ఫలానా వల్ద్ ఫలానా అని రాస్తే మొదటివాడు రెండోవాడి కొడుకన్నమాట. ఆ లెక్కన మా ముత్తాత వాళ్ళ ఇంట పుట్టినవాడు. అదే నిజమైతే మా పిల్లవాడికి ఆ అమ్మాయి చెల్లెలు వరస అవుతుంది. మన కోయల్లో గట్టు ఒకటైతే ఇంటిపేరు వేరైనా అన్నదమ్ములే, పిల్లను ఇచ్చిపుచ్చుకోవడం ఉండదు. అలాంటిది ఇల్లే ఒకటైతే ఇంక చెప్పేదేముంది?

‘‘మా ఇంటిపేరు వేరు గదా’’ అన్నాను.

‘‘ఇంటిపేరు తర్వాత మార్చుకున్నారేమో సారూ. సర్కారు కాగితం అబద్ధం చెబుతుందా?’’ అన్నాడా కుర్రవాడు.

ఇరవై ఏళ్ళుగా బడిలో పాఠాలు చెబుతున్న నాకు జవాబు దొరకలేదు. కాకతీయులు ఎప్పుడు వచ్చారో, నిజాం ఎప్పుడు దిగాడో పిల్లలకు చెబుతాను. మా ముత్తాత ఎవరి కొడుకో నాకు తెలియదు. పెళ్ళి మాట ఆగింది. రెండు నెలలు గడువు అడిగాను.

(ఇది రెండు ఇళ్ళ విషయం కాబట్టి ఇంటిపేర్లు, మనుషుల పేర్లు రాయడం లేదు. మిగతా సంగతి యువకులకు, తోటి ఉపాధ్యాయులకు పనికొస్తుందని రాస్తున్నాను.)

ఏరు అవతల అంటే ఎక్కడ?

మా ఇంట్లో అందరికీ తెలిసిన మాట ఒక్కటే: ‘‘తాత ఏరు దాటి వచ్చాడు.’’ మాది గోదావరి కుడి ఒడ్డు, పినపాక వైపు. ఏరు అవతల అంటే చర్ల కావచ్చు, దుమ్ముగూడెం కావచ్చు, భద్రాచలం దిగువన శబరి ఒడ్డు కావచ్చు. ఇంకా పైకి పోతే బస్తర్ కూడా కావచ్చు.

ఇక్కడ మన పిల్లలు తెలుసుకోవలసిన చరిత్ర కొంత ఉంది. మనకు గోదావరి దాటడం అంటే పడవ ఎక్కడమే. కాగితాలకు అది రాజ్యం మారడం. కుడి ఒడ్డు 1948 దాకా నిజాంది. ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం ప్రాంతం 1860లో నిజాం చేతి నుంచి ఇంగ్లీషువాళ్ళకు పోయింది. కొన్నాళ్ళు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉంది. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిసింది. తర్వాత తూర్పు గోదావరి అయింది. 1959లో ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. 2022లో అవి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. శబరి ఒడ్డున ఒక గుడిసెలో కూర్చున్న ముసలాయన అక్కడి నుంచి అడుగు కదలకపోయినా, ఆయన ఊరు మాత్రం ఇన్ని ప్రభుత్వాల చేతులు మారింది. ఒక మనిషి జాడ కోసం ఎన్ని కచేరీల గడప తొక్కాలో మీరే ఆలోచించండి.

కాగితాలు చెప్పినది, చెప్పనిది

ముందు కాగితాలే వెతికాను. మా ఇంటి కాగితాలు ఏవీ లేవు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు వచ్చినప్పుడు మా ఊరి ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. నాయన ట్రంకు పెట్టె అందులో పోయింది.

జనాభా లెక్కలు చూద్దామనుకున్నాను. ఆ పుస్తకాల్లో కోయలు ఎంతమంది అన్న లెక్క ఉంటుంది, మనిషి పేరు ఉండదు. ఇంటింటికి తిరిగి రాసుకున్న వివరాలను చట్టప్రకారం ఎవరికీ చూపరు. థర్‌స్టన్ 1909లో అచ్చు వేసిన ఏడు సంపుటాల్లో కోయల గురించి ఉంది. అంతకంటే ముందే దుమ్ముగూడెంలో ఉన్న కెయిన్ దొర కోయల గురించి వ్యాసాలు రాశాడు. అవన్నీ పనికొచ్చేవే. కానీ వాటిలో మన జాతి కనిపిస్తుంది, మన తాత కనిపించడు.

మిగిలింది రెవెన్యూ రికార్డు. నిజాం కాలపు సేత్వార్లు ఉర్దూలో ఉంటాయి. సంవత్సరం ఫసలీలో ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే మన ఇంగ్లీషు సంవత్సరం దగ్గరకు వస్తుంది. ఫసలీ 1350 అంటే 1940-41. రిటైరైన ఒక ఉర్దూ మాస్టారు దగ్గర కూర్చుని నకళ్ళు చదివించుకున్నాను. అందులోనూ అదే వల్ద్, అదే పేరు. నా గుండె జారిపోయింది. ఇప్పుడు ఒక కాగితం కాదు, రెండు కాగితాలు మాకు ఎదురు చెబుతున్నాయి.

మాస్టారే ఒక మంచి మాట చెప్పారు: ‘‘రెండోది మొదటిదాన్ని చూసి రాసి ఉంటే అది రెండు సాక్ష్యాలు కాదు, ఒక్కటే.’’ నిజమే. ఒకసారి రాసిన పేరు తర్వాతి పుస్తకంలోకి, అక్కడి నుంచి ఇంకో పుస్తకంలోకి ఎక్కుతూ పోతుంది. మొదట రాసినవాడు ఎవరిని అడిగి రాశాడన్నదే ప్రశ్న.

పేర్లతో ఇంకో చిక్కు ఉంది. జోగ, ఉంగ, మూక, ఇరమ లాంటి పేర్లు మన ఊళ్ళలో ఇంటికొకటి. రాసేవాడు జోగను జోగయ్య చేస్తాడు. మనం కుంజా అంటే బస్తర్ వైపు కుంజాం అంటారు. సోడె అక్కడ సోడి అవుతుంది. ఒకే పేరున్న ఇద్దరిని ఒకరనుకోవడం, ఒకే మనిషిని ఇద్దరనుకోవడం రెండూ జరుగుతాయి.

మేనత్త చెప్పిన మాట

కాగితాలు పక్కన పెట్టి మా పెద్ద మేనత్త దగ్గరకు పోయాను. ఆమెకు ఎనభై దాటాయి. ముత్తాతను కళ్ళారా చూసిన మనిషి మా ఇంట్లో ఆమె ఒక్కతే. ‘‘నీ తాత పుట్టిన ఊరేది’’ అని అడిగితే ‘‘ఏమో’’ అంది. పంతులు ప్రశ్న అడిగితే అలాంటి జవాబే వస్తుంది. రెండోసారి పోయినప్పుడు ప్రశ్నలు అడగలేదు. ఇప్పపువ్వు ఏరుతుంటే నేనూ కూర్చుని ఏరాను. అప్పుడు, ‘‘మీ తాత ఆయన్ని ఏమని పిలిచేవాడత్తా?’’ అన్నాను, పహాణీలో ఉన్న పేరు చెప్పి.

‘‘ఏమని పిలుస్తాడు, మామా అని పిలిచేవాడు. పోయేదాకా అదే పిలుపు.’’

నా చేతిలో పువ్వు అలాగే ఉండిపోయింది. తండ్రిని ఎవరైనా మామా అంటారా?

అప్పుడు నా కళ్ళముందే ఉన్న సంగతి తట్టింది. మా ముత్తవ్వ ఆ ఇంటి ఆడపిల్ల. ఈ విషయంలో ఎవరికీ తగాదా లేదు. ఆమె పుట్టింటివాళ్ళు ఈనాటికీ మా ఇంట చావుకి బట్ట తెస్తారు. మమ్మల్ని బావా అనే పిలుస్తారు. మా ముత్తాత ఆ ఇంటి కొడుకే అయితే అదే ఇంటి ఆడపిల్లను ఎలా చేసుకుంటాడు? ఆ రోజుల్లో కులపెద్దలు ఊరుకునేవారా? కాబట్టి పహాణీలో ఉన్న ఆయన ముత్తాతకు తండ్రి కాదు, పిల్లనిచ్చిన మామ. కాగితం తప్పు చెబుతోందని మన గట్టు కట్టుబాటే చూపించింది.

కానీ తొందరపడలేదు. మామ అంటే పిల్లనిచ్చినవాడు కావచ్చు, మేనమామ కావచ్చు. మేనత్తకు గుర్తున్నది ఒక ముక్క మాత్రమే: ‘‘తాతను చిన్నప్పుడు భుజాన ఎత్తుకొని ఏరు దాటించాడంట. అమ్మా నాయనా ఇద్దరూ ఒకే ఏడు పోయారంట.’’ ఇది ఒకరి నోటి మాట. రెండో వైపు కూడా అడగాలి. మేనత్త చెప్పింది బయటపెట్టకుండా అమ్మాయి వాళ్ళ ఇంట్లో మంచం పట్టిన పెద్దాయన దగ్గరకు పోయాను. ‘‘మీ ఇంటి ఆడపిల్లల్ని ఏ ఏ ఊళ్ళకు ఇచ్చారు తాతా?’’ అని మాత్రమే అడిగాను. ఆయన వేళ్ళు మడుస్తూ చెప్పుకుంటూ పోయాడు. నాలుగో వేలు దగ్గర, ‘‘ఒకామెను శబరి ఒడ్డుకు ఇచ్చారు. జ్వరాల ఏడు మొగుడూ పెళ్ళాం పోయారు. పిల్లగాణ్ణి మావోళ్ళే తెచ్చి సాకారు. పిల్లనిచ్చి భూమి చూపెట్టారు’’ అన్నాడు. అని నా ముఖం చూసి నవ్వాడు: ‘‘ఆ పిల్లగాడే గదా మీ ముత్తాత!’’

రెండు ఇళ్ళు, రెండు నోళ్ళు, ఒకే మాట. మేనమామ సాకాడు, మేనమామే పిల్లనిచ్చాడు. భూమి రాసేవాడు వచ్చినప్పుడు ఇంటి పెద్ద ఎవరని అడిగి ఉంటాడు. ఆయన పేరు చెప్పి ఉంటారు. ఆ పేరును తండ్రి పేరు రాసే చోట రాశాడు. అంతే. దాని వల్ల ఎనభై ఏళ్ళ తర్వాత ఒక పెళ్ళి ఆగింది.

పెద్దమనుషులు మళ్ళీ కూర్చున్నారు. కాగితం ప్రకారం అన్నాచెల్లెళ్ళు అయినవాళ్ళు నిజానికి బావామరదళ్ళ వరస. మేనరికపు ఇల్లు. పోయిన మాఘంలో పెళ్ళి జరిగింది. కాగితం తెచ్చిన కుర్రవాడే పందిరి వేశాడు.

తండ్రి వైపు

తల్లి ఎవరో తేలింది. ఆమె పుట్టిన ఊరు మా పక్క ఊరే. ఏరు అవతల మూలాలు వెతుకుతున్న మాకు సగం మూలం ఇక్కడే కాళ్ళ కింద ఉంది. మరి తండ్రి?

ఇక్కడ దారి చూపింది మా వేల్పు. మన ఇళ్ళకు వేల్పు ఉంటుంది, పడిగె ఉంటుంది, దాన్ని నిలిపే చోటు ఉంటుంది. మేడారం చూడండి. సారలమ్మ కన్నెపల్లి నుంచి రావాలి, పగిడిద్దరాజు పూనుగొండ్ల నుంచి, గోవిందరాజు కొండాయి నుంచి. ఎవరిది ఏ ఊరో, ఏ ఇంటివాళ్ళు తేవాలో ఏ రిజిస్టరూ లేకుండానే నిలబడింది. అలాగే మా వేల్పును కొలిచే ఇంటిపేర్లు, అవి నడిచి వచ్చిన దారి డోలీలు పడిగె విప్పి కథగా చెబుతారు. ఆ దారి శబరి ఒడ్డుకే పోయింది. పెద్దాయన చెప్పిన మాటతో అది కలిసింది.

నేను శబరి దాటి అక్కడికి పోయాను. ఊరి పేరు పెద్దాయన ఒకటి చెప్పాడు, వేల్పు పూజారి ఇంకొకటి చెప్పాడు. పోడు కోసం, జబ్బుల భయంతో మన ఊళ్ళు చోటు మారేవి కాబట్టి పాత ఊరికి ఒక పేరు, కొత్త ఊరికి ఒక పేరు అయి ఉండవచ్చు. రెండూ రాసుకున్నాను. తండ్రి పేరు మాత్రం ఎవరికీ గుర్తు లేదు.

ఆ ఊళ్ళు పోలవరం ముంపులో ఉన్నాయి. జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. జనం కొందరు ఇప్పటికే పునరావాస కాలనీలకు పోయారు. చింతలు, గద్దెలు, సమాధి రాళ్ళు కాలనీకి రావు. అవి చూపించి ‘‘ఇది మీ తాత చోటు’’ అని చెప్పగలిగే ముసలివాళ్ళు ఇంకెన్నాళ్ళు ఉంటారు? మా మణుగూరు ప్రాంతంలో కోయల వంశాల కథలు పాడే సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయారు. అలాంటి గొంతు ఒకటి పోతే ఎన్ని ఇళ్ళ దారులు మూసుకుపోతాయో లెక్క కట్టేవారు లేరు.

నా రిజిస్టరు

చివరగా నా సంగతి చెప్పాలి. వల్ద్ రాసిన గుమాస్తాను తిట్టుకుంటూ ఒకరోజు బడిలో పాత అడ్మిషన్ రిజిస్టరు తెరిచాను. నా చేతి రాతే. పుట్టిన తేదీల గడిలో వరసగా జులై 1, జులై 1, జులై 1. ఉంగి అన్న పిల్ల ఉమ అయింది. ఒక పిల్లవాడి తండ్రి పేరు దగ్గర నా పెన్ను ఆగింది. వాణ్ణి బడికి తెచ్చింది మేనమామ. తండ్రి చనిపోయాడు. హాస్టల్ సీటు త్వరగా కావాలని మేనమామ పేరే తండ్రి గడిలో రాశాను. నేనే, ఈ చేత్తోనే.

ఆ పిల్లవాడి ఊరికి పోయి తల్లిని అడిగి, తండ్రి పేరు తెలుసుకుని, దిద్దుబాటుకు అర్జీ పెట్టించాను. ఇప్పుడు పిల్లలను చేర్చుకునేటప్పుడు వేరే నోటుబుక్కు పెట్టాను. ఇంట్లో పిలిచే పేరు, ఇంటిపేరు, గట్టు, తల్లి పుట్టిన ఊరు, తల్లి ఇంటిపేరు, ఎవరు సాకుతున్నారు, ఈ సంగతి ఎవరు చెప్పారు, ఏ రోజు చెప్పారు. తెలియని చోట ఖాళీ వదులుతాను. ఊహించి నింపను.

యువకులకు ఒక్క మాట. ఈ వేసవిలో మీ ఇంటి ముసలివాళ్ళ పక్కన కూర్చోండి. పుట్టిన తేదీ అడగకండి, వాళ్ళకు తెలియదు. ఎవరిని ఏమని పిలిచేవారో అడగండి. ఏ వరదకు ఎంత వయసో అడగండి. 1953 వరదా, 1986 వరదా? చావుకి బట్ట ఎవరు తెచ్చారో, వేల్పుకు ఎక్కడికి పోయేవారో అడగండి. ఒకరు చెప్పింది ఇంకొకరి దగ్గర బయటపెట్టకుండా మళ్ళీ అడగండి. విన్నది విన్నట్టు రాయండి.

నా నోటుబుక్కు మొదటి పేజీలో మా ముత్తాత గురించి ఇలా ఉంది: తల్లి, ఫలానా ఇంటి ఆడపిల్ల, ఊరు మా పక్కదే. సాకినవాడు, మేనమామ. పుట్టిన ఊరు, శబరి ఒడ్డున, రెండు పేర్లు చెప్పారు. తండ్రి పేరు అన్న చోట ఖాళీ ఉంది. వచ్చే వేసవిలో మళ్ళీ శబరి దాటుతాను.